పూస తీసిన ప్రార్థన

రేపల్లె నుంచి మిషన్ సేవకు నార్వేలోని ఓ దీవికి వచ్చి మూడు వారాలైనా సలోమికి ఎవరూ దగ్గర కాలేదు. ఇప్పుడు లోకంలో అందరి చెవుల్లోనూ ఒక భాష మాటల్ని ఇంకో భాషలోకి మార్చే పూసలే. మిషన్ వాళ్లిచ్చిన పూస ఎవరేమన్నా ఒకే గొంతుతో, పాత బైబిలు తెలుగులో చెప్పేది. ఆమె తిరుగు ప్రయాణానికి దరఖాస్తు కూడా పెట్టేసింది.

ఆ ఉదయం సోల్వేయ్ అనే ముసలామెకు గుండె ఆపరేషన్. ప్రార్థన చెయ్యమని కబురు పెడితే సలోమి వెళ్లి మంచం పక్కన కూర్చుంది.

“కుమారీ, ఆగుము,” అంటూ ముసలామె తన చెవిలోని పూస తీసేసింది. “మాటలు దేవునికి తెలిసిన చాలును. నాకు నీ కంఠము వినవలెనని ఉన్నది.”

సలోమి కూడా తన పూస తీసి, చెయ్యి పట్టుకుంది.

“అయ్యా, ఈ పెద్దామెను నీ చేతుల్లో పెడుతున్నా. జాగర్తగా చూసుకో తండ్రీ, నాకిక్కడ ఇంకెవరున్నారు?” అంటుండగానే ఏడుపు తన్నుకొచ్చింది.

సోల్వేయ్ ఆమె చెంప తుడిచి, బొంగురుగా ఏదో అంది. అది మందలింపో ఓదార్పో తెలియకపోయినా సలోమికి నవ్వొచ్చింది.

ఆపరేషన్ బాగా జరిగింది. ముసలామెకు మెలకువ వచ్చేలోగా సలోమి దరఖాస్తు వెనక్కి తీసుకుంది. వాళ్ల భాషలో పెద్దమ్మను ఏమంటారో నర్సునడిగి, వరండాలో వల్లె వేస్తూ కూర్చుంది.