నూనె డబ్బా

"ఎవడ్రా నువ్వు? నా బిడ్డ మీద చెయ్యేస్తున్నవ్?"

దామోదర్ అరుపుకి ఈత కొలను చుట్టూ ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు.

గట్టు మీద కూర్చున్న ఆ మనిషి మాత్రం ఎనిమిదేళ్ల నిత్య వీపుకి నూనె డబ్బా కడుతూనే ఉన్నాడు. ఐదు లీటర్ల ఖాళీ డబ్బా. మూత బిగించి, పాత చీర అంచుతో ముడి వేస్తున్నాడు. పల్లెల్లో ఈత నేర్చుకునే పిల్లల్ని బావిలోకి దింపేముందు కడతారే, అచ్చం అలాగే.

"అవతలి దిక్కు లోతున్నది సారూ. జర డబ్బా కట్టి దింపుండ్రి."

"ఇది రిసార్టా, మీ ఊరి మోటబాయా? నలుగురిల నా బిడ్డ నూనె డబ్బా కట్టుకొని తిరగాల్నా?"

దామోదర్‌కి మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. మిల్లు చప్పుడును కూడా మించిపోయే గొంతు ఉంది. మిల్లు వదిలి దూరం వెళ్లలేక, వేసవి సెలవులకు భార్య సువర్ణనూ కూతురినీ కోదాడ దగ్గరున్న ఈ రిసార్టుకి తీసుకొచ్చాడు. వచ్చీ రాగానే ఈ గోల.

డబ్బా ఊడబీకి విసిరికొట్టాడు.

మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు.

"పిచ్చాయనండీ. ఎక్కడినుంచో వచ్చి పూల్ దగ్గర కూర్చుంటాడు. ఇక రానివ్వం సార్."

"పిచ్చోళ్లను లోపలికి రానిచ్చే కాడ మేమెందుకుంటం? సువర్ణా, సామాను సర్దు!"

సాయంత్రానికి సూర్యాపేట దగ్గర ఇంకో రిసార్టులో దిగారు.

మర్నాడు పొద్దున్నే నిత్యను తీసుకుని కొలను దగ్గరికి వెళ్లిన దామోదర్‌కి ఒళ్లు మండిపోయింది. గట్టు మీద అదే మనిషి. ఒళ్లో అదే డబ్బా.

"మా ఎంబడి పడ్డవారా?"

"లేదు సారూ. టికెట్ కొనుక్కొనే వచ్చిన. సెలవులు గద, ఇయ్యాల ఈడ, రేపు ఇంకోకాడ. పిల్లలు నీళ్లల్ల దిగేకాడికి పోత..."

మిగతా మాట దామోదర్ వినలేదు. కాలర్ పట్టుకుని లేపి గేటు దాకా నెట్టుకుంటూ వెళ్లాడు. ఆయన ఇస్త్రీ చొక్కా నలిగి, గుండీ ఒకటి తెగి కింద పడింది. అయినా ఎదురు తిరగలేదు.

గేటు అవతలికి వెళ్లాక మాత్రం చేతులు జోడించాడు.

"నన్ను కొట్టినా మంచిదే. గా డబ్బానన్నా పాపకు ఉంచుండ్రి."

"జర నెమ్మదిగ మాట్లాడరాదుండ్రి. పెద్ద మనిషి," అంది సువర్ణ.

"నువ్వు నోరు మూస్కో! ఈడ గూడ ఉండేది లేదు. నడువుండ్రి!"

సువర్ణ నోరు మూసుకుంది. కానీ కారు ఎక్కేముందు, గట్టు మీద మిగిలిపోయిన ఆ డబ్బా తెచ్చి సీటు కింద దాచింది.

దారిలో నిత్య వంగి, డబ్బా మీద కాల్చిన మేకుతో రాసిన అక్షరాలు కూడబలుక్కుంది.

"గో... పి... క. గోపిక ఎవరమ్మా?"

"ఎవరో. ఊకో, నాన్న వింటడు."

మూడో రిసార్టు మిర్యాలగూడ శివార్లలోనే. ఊళ్లు తిరిగి తిరిగి ఇంటి పక్కకే వచ్చినట్టయింది. అక్కడ గట్టు మీద ఎవరూ లేరు.

"ఇగ పీడ వొయింది," అన్నాడు దామోదర్.

మరుసటి రోజు ఏసీ పనిచేయడం లేదని రిసెప్షన్‌లో తగాదా పెట్టుకుని వచ్చేసరికి, నిత్య నీళ్లలో ఉంది. వీపున నూనె డబ్బా ఉంది.

"ఎవరు కట్టిండ్రే దాన్ని? ఇప్పు! ఇప్పుతవా లేదా?"

అరుస్తూ గట్టు వెంట ఉరికాడు. నిత్య హడలిపోయి ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు వేసింది. ఆ పైన కాలికి నేల అందలేదు.

తల మునిగిపోయింది.

దామోదర్‌కి ఈత రాదు. సువర్ణకీ రాదు. అంత పెద్ద గొంతుతో మిల్లు యజమాని పనివాళ్లను కేకేశాడు.

నూనె డబ్బా చటుక్కున పైకి తేలింది. దాంతోపాటే నిత్య ముఖం, దగ్గుతూ, ఏడుస్తూ.

పనివాళ్లు కర్ర అందించి లాగారు.

దామోదర్ నిత్యను తువ్వాలులో చుట్టి సువర్ణకి అప్పగించాడు. జీవితంలో మొదటిసారి అతనికి తన మీదే కోపం వచ్చింది. డబ్బా తీసుకుని, కారు నేరుగా కోదాడకి పోనిచ్చాడు.

మొదటి రిసార్టు గేటు దగ్గర వాచ్‌మన్ గోప్యా ఉన్నాడు.

"ఆ డబ్బా మనిషి ఏడి?"

"ఇగ రాడు సేటూ. మీరు లొల్లి చేసినంక మా ఓనరు గేటు తొక్కనియ్యనన్నడు. సూర్యాపేటల గూడ ఎవరో గల్లా పట్టి ఎల్లగొట్టిండ్రట. నిన్న మాపటికి వచ్చి, ఇగ ఏ రిసార్టుకు పోను గోప్యా అని ఏడ్సి పోయిండు."

"ఏ ఊరు?"

"నేరేడుచర్ల దిక్కు అంటరు. నాకు ఎర్క లేదు."

లోపల పిల్లలు కేరింతలు కొడుతూ నీళ్లలోకి దూకుతున్నారు. గట్టు ఖాళీగా ఉంది.

"మీ మేనేజరు పిచ్చోడన్నడు. ఇంతకూ ఎవరాయన?"

గోప్యా ఆఫీసు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"పిచ్చి లేదు, ఏం లేదు సేటూ. పోయిన ఎండాకాలం మీ లెక్కనే పెండ్లాన్ని, బిడ్డను కార్ల తోల్కొని వచ్చిండు. నలుగురిల నామోషీ అయితదని గీ డబ్బాను కార్లనే ఉంచి బిడ్డను నీళ్లల్ల దింపిండు, గా పిల్ల పేరే గోపిక."