అరవయ్యొకటో పేజీ

మొదటి దెబ్బ అచ్యుతరామారావు దవడ మీద పడింది. కళ్లజోడు ఎగిరి ప్రూఫు కాగితాల మీద పడింది. ముందుగదిలో అచ్చు వేసే ట్రెడిల్ మిషన్ ఆడుతూనే ఉంది. బెజవాడ వన్ టౌన్‌లోని ఆ ప్రెస్సులో దెబ్బ చప్పుడు ఎవరికీ వినపడలేదు.

కాశీరావు తలుపు గడియ వేసి వచ్చాడు.

"ఏ పుస్తకంలోంచి ఎత్తారు మాస్టారూ?"

పుస్తకం ఇద్దరిదీ. మూడువేల ఏళ్ల కిందట మధ్యధరా సముద్రపు ఒడ్డున బతికి, పడవలెక్కి పడమటికి వలసపోయిన ఫినీషియన్ల చరిత్ర. అచ్యుతరామారావు బెజవాడలో చరిత్ర లెక్చరరు. ఇంగ్లీషు పుస్తకాలు చదివి రాసేది ఆయన. కాశీరావు సముద్రపొడ్డు పల్లెలో బడిపంతులు, చేపలు పట్టే ఇంట పుట్టినవాడు. పడవలు, తాళ్లు, గాలివాటం అతని వంతు. తన కులంలో పుస్తకం అట్ట మీద పేరు పడబోతున్న మొదటి మనిషి తనే అనుకుంటున్నాడు.

ఆ పేరు పడేటట్టు లేదు. ముందుమాట రాస్తానన్న ప్రొఫెసరు అరవయ్యొకటో పేజీ దగ్గర ఆగిపోయాడు. ఇది ఎక్కడి నుంచి కాపీ కొట్టారు, నేను చదివిన ఏ గ్రంథంలోనూ లేదే, సాయంత్రంలోగా మూలం చెప్పండి, లేకపోతే ముందుమాట లేదు అని చీటీ పంపాడు. ముందుమాట లేని పుస్తకం నాకొద్దు, కూర్చిన టైపు విప్పేస్తాను అని ప్రెస్సు యజమాని రామకోటేశ్వరరావు తేల్చేశాడు.

ఆ పేజీలో ఉన్నది నాలుగు ముక్కలే. ఫినీషియన్ల టైరు పట్నపు రేవు మీద సముద్రం విరుచుకుపడింది. ఒక పడవ జనంతో నిండిపోయింది. నీళ్లలోంచి ఒక ఆడమనిషి పడవ అంచు పట్టుకుంది. ఆమె ఎక్కితే పడవ తిరగబడుతుంది. లోపలున్న మనిషి చేపలు కోసే కత్తి తీసి ఆమె చెయ్యి నరికాడు. పడవ నిలిచింది.

అచ్యుతరామారావుకు కాపీ కొత్త కాదు. రెండో అధ్యాయంలో ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని నాలుగు పేజీలు ఉన్నదున్నట్టు దించితే కాశీరావే పట్టుకున్నాడు. ఎదురుగాలికి తెరచాప ఎత్తించారేంటి మాస్టారూ, మీ ఫినీషియన్లు వెనక్కి ప్రయాణం చేశారా అన్నాడు. ఆ రోజు ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇవాళ నవ్వు లేదు. కాశీరావు ఆయన జుట్టు పట్టుకుని తలను బల్లకేసి కొట్టాడు. పెదవి చిట్లి ప్రూఫు మీద రక్తం పడింది.

"పుస్తకం కాదు," అన్నాడు అచ్యుతరామారావు.

"మరి ఎవరు చెప్పారు?"

"అది నువ్వు అడగాలా కాశీరావూ?"

మళ్లీ కొట్టాడు. పోయినేడు ఉప్పెనలో పెళ్లాం నాంచారమ్మ పోయి, కాశీరావు కట్టుగుడ్డలతో మిగిలినప్పుడు, గుణదలలోని తన ఇంటికి తీసుకుపోయినవాడు ఈయనే. పది రోజులు ఒళ్లెరగని జ్వరంలో పడి ఉంటే గంజి పట్టించి, పలవరింతలు వింటూ మంచం పక్కన కూర్చున్నవాడూ ఈయనే. అవేవీ కాశీరావు చేతికి అడ్డం రాలేదు.

బల్ల మీద టైపు సమం చేసే కొయ్య సుత్తి ఉంది. అందుకున్నాడు. అచ్యుతరామారావు కింద పడకుండా ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకున్నాడు. సుత్తి ఆ వేళ్ల మీద దిగింది. ఎముక విరిగింది. ఆయన మోకాళ్ల మీద కూలబడ్డాడు.

మిషన్ ఆగింది. రామకోటేశ్వరరావు తలుపు బాదుతూ బయటి నుంచి అరిచాడు.

"మాస్టారూ, ఎవరిదో ఆ పేరు చెప్పేయండి. పుస్తకం బతుకుతుంది, మీ పరువూ దక్కుద్ది."

అచ్యుతరామారావు తలుపు వైపు చూశాడు. తరవాత కాశీరావు వైపు చూశాడు. సుత్తి రెండోసారి లేచి గాలిలో ఆగింది.

"ఏం చెబుతారు?" కాశీరావు గొంతు చాలా మెత్తగా ఉంది.

"మంచి వాక్యం చెవిన పడితే రాయకుండా ఉండలేను. నా చేతికదో జబ్బు. తప్పు నాదే."

"అయితే అదే చేత్తో రాయండి."

కుడిచెయ్యి బాగానే ఉంది. అరవయ్యొకటో పేజీ పూర్తిగా నా కల్పితం, దానికి మూలం లేదు, ఎవరూ నాకు చెప్పలేదు అని రాసి కింద సంతకం పెట్టాడు. కాశీరావు రెండుసార్లు చదువుకున్నాడు. అప్పుడు గడియ తీశాడు.

రామకోటేశ్వరరావు ఆ కాగితం చదివి, నెత్తురోడుతున్న మనిషిని చూసి కూడా జాలిపడలేదు. చరిత్ర పాఠాలు చెబుతూ కట్టుకథలు రాస్తారా అని చీదరించుకున్నాడు. ఆ పేజీనీ, అట్ట మీద ఆయన పేరునూ తీసేయమన్నాడు. కాలేజీకి కూడా ఉత్తరం రాస్తానన్నాడు. అచ్యుతరామారావు విరిగిన చేతిని పొట్టకు అదుముకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"కొట్టడం తప్పేలే గానీ, అబద్ధమంటే నీ అంత మండిపడేవాణ్ణి నేను చూళ్లేదయ్యా," అన్నాడు రామకోటేశ్వరరావు.

అరవయ్యొకటో పేజీ టైపు విప్పి, ఏ అక్షరం అరలో ఆ అక్షరం పోసేదాకా కాశీరావు అక్కడే నిలబడ్డాడు.

ఉప్పెన నాడు పడవలో కత్తి ఎత్తిన చెయ్యి కాశీరావుది, తెగిన చెయ్యి నాంచారమ్మది.