ఊరకే వచ్చిన చీనీకాయలు

"ఊరకే ఇస్తాండారా? క్యాన్సరోళ్ళకా?" జ్యోతిలక్ష్మి నమ్మలేదు.

"అబద్ధమైతే నా మగ్గం విరిగిపోనీ," అన్నాడు తిప్పయ్య. ఆ ఒట్టుకు పెద్ద భయమేం లేదు. మగ్గం సావుకారుది.

తిప్పయ్య ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. పెళ్ళాం జ్యోతిలక్ష్మికి క్యాన్సర్. ఆపరేషన్ సర్కారు కార్డు మీద జరిగిపోయింది గానీ స్కానింగులు, మందులు, అనంతపురం రాకపోకలు కలిసి ఇంటిని ఊడ్చేశాయి. చివరికి తిప్పయ్య ప్రాణంగా చూసుకునే స్కూటరు కూడా కుదవకు పోయింది.

ఆ రోజు నుంచి ఆమె తన నోటికి పైసా ఖర్చు పెట్టనివ్వలేదు. పాలు తెస్తే వాసనంది. గుడ్డు తెస్తే ఎగటంది. సంగటి, నంచుకోను చెనిక్కాయల ఊరిబిండి, అంతే. డాక్టరేమో బరువు పెరక్కపోతే తర్వాతి ఇంజెక్షను ఆపేయాల్సి వస్తుందన్నాడు. రోజూ చీనీరసం, అదే బత్తాయిరసం, తాగించమన్నాడు.

తిప్పయ్య హడలిపోయాడు. కొన్నానంటే ఆమె ముట్టదు. అందుకే ఈ అబద్ధం. ఆసుపత్రివాళ్ళు చీనీకాయలు ఊర్లో ఉండే నర్సమ్మ చేతికి ఇచ్చి పంపిస్తున్నారట, ఈయన పోయి తెస్తున్నాడట.

"ఊరకే అయితే సరేలే," అంది జ్యోతిలక్ష్మి.

అక్కడి నుంచి మొదలైంది తంటా. పుణ్యానికి పుట్టెడు పెడితే పిచ్చకుంచమని పోట్లాడినట్టు, రోజుకొక వంక.

"చిన్నవిచ్చినారు. పెద్దవి అడగ్గూడదా?"

"అడుగుతాలే."

"నోరు లేదా నీకు? ఇంకో నాలుగు తెస్తే వాళ్ళ సొమ్మేం పోతాది?"

సంగతి వీధిలో పాకింది. పక్కింటి తిమ్మన్న తయారయ్యాడు. "అన్నా, నాకు షుగరుండాది. షుగరోళ్ళకేమీ ఇయ్యరా?"

"ఇస్తారప్పా. కాకరకాయలు."



తిప్పయ్య కాఫీ మానేశాడు. బీడీలు మానేశాడు. క్షవరం వాయిదా వేసి వేసి సన్యాసిలా తయారయ్యాడు. సాయంత్రం మగ్గం దిగగానే బస్టాండు దగ్గర ఓబమ్మ పండ్ల బండికి నడిచేవాడు. ఓబమ్మ బండి కింద ఒక బుట్ట వేరేగా ఉండేది.

"ఇవి వేరే సరుకప్పా. సగం ధరకే తీసుకో."

దేవుడున్నాడనుకున్నాడు తిప్పయ్య. ఒకసారి ఒక కాయకు ముక్కులా బుడిపె ఉంది. రెండు రోజుల తర్వాత మళ్ళీ అలాంటిదే దొరికింది. అంతా ఒకే తోట కాయలని అతనికి గురి కుదిరింది.

ఇంటికెళ్ళి ఇచ్చేవాడు. మర్నాడు పని నుంచి రాగానే అడిగేవాడు.

"నిన్నటివి రసం తీసి తాగినావా?"

"ఓ, గ్లాసు నిండా." మూతి కూడా తుడుచుకునేది.

జుట్టు ఊడిన తలకు ఆమె చుట్టుకున్న చుక్కల తువ్వాలు కింద మొహం మాత్రం రోజురోజుకీ పీక్కుపోతోంది. మందుల వేడి అనుకున్నాడు తిప్పయ్య.

డాక్టరు దగ్గరికి పోయే రోజొచ్చింది. జ్యోతిలక్ష్మి కూర్చుంటూనే మొదలెట్టింది. "సార్, కాయలు బాగానే పంపిస్తాండారు. కాకుంటే కొంచెం చిన్నవి."

డాక్టరు నోరు తెరిచాడు. తిప్పయ్య ఆమె వెనక నిలబడి ఒకటే కన్నుగీటాడు. డాక్టరు కాసేపు అతన్ని పరీక్షగా చూసి, కంట్లో వేసుకునే చుక్కల మందు రాసిచ్చాడు. అదొక ఖర్చు.

తర్వాత ఆమెను తూకం ఎక్కించారు. ముల్లు పాత చోటికి కూడా రాలేదు, కిందే ఆగిపోయింది. ఇంకొక్క వారం చూస్తానన్నాడు డాక్టరు. అప్పటికీ పెరక్కపోతే ఇంజెక్షను లేదు.

 ధర్మవరంలో రైలు దిగి, ఆమెను ఇంట్లో దించి, తిప్పయ్య నేరుగా ఓబమ్మ మీదికి పోయాడు.

"ఏమమ్మా, నీ కాయల్లో సత్తువుండాదా లేదా? నోరు కట్టుకోని కొంటాండా. నా పెళ్ళాం గింజంత బరువు పెరగలా. యా తోటవి ఇవి?"

ఓబమ్మ బుట్ట పైకి తీసింది. ఆ రోజు అది ఖాళీ.

"తోటా లేదు, పాడూ లేదప్పా. చుక్కల తువ్వాలు చుట్టుకోని ఒకామె రోజూ పొద్దున్నే తెచ్చి అమ్మి పోతాది, ఆసుపత్రోళ్ళు ఊరకే ఇస్తారంట, ఆ దుడ్లతో మొగుని స్కూటరు విడిపిస్తాదంట."