ఏడో అంశం

"ముందు ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లు. మీ మీటింగులూ గీటింగులూ తర్వాత!"

చిట్టి ఫోన్లో వదిన అరిచిన అరుపు, కమిటీ గది బయట బెంచీ మీద పక్కనే కూర్చున్న అన్నయ్యకి కూడా వినిపించింది.

"ఒక్క పూట వదినా! పొద్దుటి టర్న్ బదులు సాయంత్రం చేయిస్తాను. మిషన్ ఖాళీ ఉంచమని చెప్పాను కూడా. మీ ఆయన్నేం కొరుక్కుతిననులే."

"శనివారం డయాలసిస్ చేయించుకున్న మనిషి. ఇవాళ మంగళవారం. మూడ్రోజుల నీరు ఒంట్లో మోసుకుని వచ్చాడు. ఆయనకేమైనా అయిందో, జన్మలో నీ మొహం చూడను!"

ఫోన్ కట్ అయింది. అన్నయ్య నవ్వాడు. "నా పెళ్లాం నా మీదైతే ఇంత గట్టిగా అరవదే చిట్టీ. నీ మీద ప్రేమెక్కువ."

చిట్టి ఉద్యోగం ప్రజారోగ్య శాఖలో. మందులిచ్చే పని కాదు, సూదులు వేసే పనీ కాదు. ఆసుపత్రులకి ఏం కావాలో ప్రభుత్వం చెవిన వేసే పని. ఎవరిని ఎప్పుడు కలవాలి, ఏ కాగితం ఎవరి బల్ల మీదికి చేరాలి, ఎవరి ముందు ఎవరు మాట్లాడాలి, అన్నీ ఆమే చూసుకోవాలి. కొండల అవతలున్న తమ ఊరి ఆసుపత్రికి డయాలసిస్ మిషన్ల కోసం రెండేళ్లుగా కాళ్లరిగేలా తిరుగుతోంది. ఇవాళ ప్రజాప్రతినిధుల కమిటీ ముందు ఏడో అంశం అదే. మాట్లాడ్డానికి రెండే రెండు నిమిషాలు ఇచ్చారు.

ముప్పై పేజీల నివేదిక ఎవడూ తిప్పి చూడడని ఆమెకు బాగా తెలుసు. అదే ఒక మనిషిని తెచ్చి ఎదురుగా నిలబెడితే చూడక చస్తారా? మాట్లాడతానని ఒప్పుకున్న రోగి తీరా నిన్న మధ్యాహ్నం జడిసి రానన్నాడు. దాంతో అన్నయ్యకి ఫోన్ చేసింది. గడ్డం గీసుకోవద్దంది. చొక్కా ఇస్త్రీ చేయొద్దంది. ఆఫీసు జీపు పంపిస్తానని కూడా అనలేదు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వచ్చినట్టే, నాలుగు గంటలు బస్సులో నలిగి రమ్మంది.

"ముష్టివాణ్ని చేశావు కదే నన్ను! గుమ్మం దగ్గర వాచ్‌మన్ చిల్లర లేదు పొమ్మన్నాడు."

"మరీ చెప్తావులే. లోపలికెళ్లాక మాత్రం ఈ జోకులు వెయ్యకు. బస్సులో ఎంతసేపు కూర్చుంటావో, దిగేసరికి కాళ్లు ఎలా అవుతాయో చెప్పు, చాలు."

"ఇదిగో, చెప్పక్కర్లేదు." ప్యాంటు కొంచెం పైకి లాగాడు. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. ఆమె చూసి, గబుక్కున చూపు తిప్పుకుంది.

పదకొండుకి అన్నారు. పదకొండు దాటింది. మూడో అంశం దగ్గర లోపల ఏదో వాదన. పన్నెండున్నరకి అందరూ భోజనాలకి లేచారు. రెండింటికి తిరిగొచ్చి, తీరిగ్గా నాలుగో అంశం మొదలుపెట్టారు. ఈ మహానుభావులకి తొందరేముంది? వాళ్ల కిడ్నీలు పనిచేస్తున్నాయి.

"చిట్టీ." అన్నయ్య గోడకి తల ఆనించాడు. "ఊపిరి అందట్లేదే. వెళ్లిపోదామా?"

ఆమె తలుపు వంక చూసింది. ఆరో అంశం నడుస్తోంది.

"ఇంకొక్క పావుగంట అన్నయ్యా. నా బంగారం కదూ! రెండేళ్ల కష్టం. ఇవాళ తప్పితే మళ్లీ మూడు నెలలకి గానీ కూర్చోరు."

"సరేలే." ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఊళ్లో మిషన్ వస్తే మీ వదిన అరవడం మానేస్తుంది."

కాసేపటికి అతని చెయ్యి ఆమె చేతిలోంచి జారింది. నిద్రపట్టిందేమో అనుకుంది. పిలిచింది. భుజం పట్టి కుదిపింది. అప్పుడు కేకలు పెట్టింది.

కింది అంతస్తులోని డిస్పెన్సరీ నుంచి డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. నేల మీద పడుకోబెట్టి గుండెల మీద నొక్కాడు. చెమటలు కారేలా చాలాసేపు నొక్కాడు. చివరికి చేతులు తీసేసి, తల అడ్డంగా ఊపాడు.

ఆమెకి ఏడుపు రాలేదు. వదినకి ఏం చెప్పాలి? ఏ నోటితో చెప్పాలి?

తలుపు దగ్గర బంట్రోతు తటపటాయిస్తూ నిలబడ్డాడు. "ఏడో అంశం పిలిచారమ్మా. వచ్చేసారికి వాయిదా వెయ్యమని చెప్పనా?"

"వద్దు," అందామె. పమిటతో అన్నయ్య నుదుటి మీది చెమట తుడిచింది. లేచి లోపలికి నడిచింది.

పొడుగాటి బల్ల వెనక పదకొండు మంది కూర్చుని ఉన్నారు. నివేదిక ఆమె చేతిలో లేదు.

"నా సాక్షి బయట నేల మీద ఉన్నాడు. మా సొంత అన్నయ్య. ఇవాళ పొద్దున డయాలసిస్ చేయించుకోవాల్సినవాడు. మీకు చూపించాలని నేనే ఆపాను. ఇప్పుడే పోయాడు." రెండు చేతులూ జోడించింది. "మా ఊళ్లో ఇంకా నలభై మంది ఉన్నారు. మీ కాళ్లు పట్టుకుంటాను. ఆ మిషన్లు ఇప్పించండి."

అధ్యక్షుడు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. పక్కనున్న కార్యదర్శి వంక చూశాడు. కార్యదర్శి తల ఎత్తలేదు.

"అమ్మా," అన్నాడు అధ్యక్షుడు మెల్లిగా, "ఆ మిషన్ల మంజూరు ఫైలు మీద పోయిన గురువారమే సంతకం పెట్టేశాం. ఇవాళ మిమ్మల్ని రమ్మన్నది పేపర్లో వేసే ఫోటో కోసం."