టోపీలో వంట

ఎర్గాష్ తలమీది టోపీ తీసి తిరగేసి, దాని లోపలికి ఫోను చూపించాడు. ఫోను టింగుమంది.

"వంటయిపోయింది! ఇక వడ్డించండయ్యా," అన్నాడు దర్జాగా.

చాయ్‌ఖానాలో పక్కనే కూర్చున్న సాబిర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "టోపీలో వంట చేసే మగాణ్ణి తాష్కెంట్ మొత్తంలో నిన్నొక్కణ్ణే చూశాను అన్నా! ఇంతకీ ఇవాళేం వండావు?"

"గుమ్మడికాయ జావ. ఏడు నిమిషాలు."

"ఇక్కడ నువ్వు ఫోను చూపిస్తే అక్కడ ఇంట్లో మైక్రోవేవ్ తిరుగుతుందా?"

"తిరక్క చస్తుందా! ఖాళీగా తిరక్కూడదని పొద్దున్నే గిన్నెడు టీ అందులో పెట్టి తలుపేసి వచ్చాగా," అంటూ పలావు పళ్ళెం ముందుకు లాక్కున్నాడు. గొర్రె కొవ్వుతో నిగనిగలాడుతున్న ఆ పలావును చూడగానే ప్రాణం లేచొచ్చింది.

ఇదంతా అల్లుడి చలవ. ఫెర్గానాలో కూతురు ప్రసవించింది. నలభై రోజులు తల్లి పక్కనుండాలి. ఎర్గాష్ భార్య మునావ్వర్‌కు బెంగంతా మొగుడి గురించే. డాక్టరేమో పలావు మొహం చూడొద్దన్నాడు. ఈయనకేమో గుడ్డు ఉడకబెట్టుకోవడం కూడా రాదు. అప్పుడు ఇంజినీరు అల్లుడు జాసుర్ మైక్రోవేవ్‌కు ఏదో తగిలించి పెట్టాడు.

"మామయ్యా, అత్తయ్య వండి ఫ్రీజరులో పెట్టిన డబ్బా ఇందులో పెట్టండి. దాని మీది చీటీకి ఫోను చూపించండి. ఎంతసేపు, ఎంత వేడి అన్నీ అదే చూసుకుంటుంది. మూత కూడా తియ్యక్కర్లేదు, చిన్న చిల్లి ఉంది."

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "వేడి కాగానే అత్తయ్య ఫోనుకు కబురెళుతుంది," అని కూడా అన్నాడు మహానుభావుడు.

మునావ్వర్ మూడు రోజులు వంటింటి తలుపేసుకుని నలభై డబ్బాలు నింపింది. ఎర్గాష్ తొంగి చూడబోతే, "వేలు పెట్టి నాకడానికేగా? పొండవతలికి!" అని తరిమేసింది. బండెక్కుతూ వేలు చూపించి మరీ చెప్పింది: "రోజూ మధ్యాహ్నం నాకు కబురు రావాలి. మీరు పలావు తిన్నారని తెలిసిందో, ఇక జన్మలో ఆ చాయ్‌ఖానా గడప తొక్కరు. నేనే వచ్చి మీ స్నేహితులందరికీ చెప్పి పోతాను!"

పాతికేళ్ళుగా ఎర్గాష్‌కు ఆ చాయ్‌ఖానాయే లోకం. అది పోతే ఇక బతికేం లాభం? అందుకే రోజూ పొద్దున ఒక డబ్బా మీది చీటీ ఊడదీసి టోపీలో అంటించుకుని బయల్దేరేవాడు. కబురు చేరగానే మునావ్వర్ ఫోను చేసేది.

"ఏమండీ, ఉప్పు సరిపోయిందా?"

"అతికినట్టు సరిపోయింది!"

"మిరియాల ఘాటు ఎక్కువైందేమో?"

"అబ్బే! నీ చేతి వంటకు వంక పెడితే కళ్ళు పోవూ?"

"వెనకాల ఆ గోలేమిటండీ?"

"టీవీ," అనేవాడు ఎర్గాష్, నోటినిండా పలావుతో.

ముప్ఫై తొమ్మిదో రోజున ఆమె ఉప్పు సంగతే ఎత్తలేదు. "పెళ్ళయిన ముప్ఫై మూడేళ్ళలో నా వంటను మీరిన్నిసార్లు మెచ్చుకోలేదండీ. మా వియ్యపురాలితో కూడా చెప్పాను, మా ఆయన మాట మీద నిలబడే మనిషని. రేపు సాయంత్రానికి వచ్చేస్తాను."

నోటిదాకా వెళ్ళిన ముద్దను దించేశాడు ఎర్గాష్. ఛీ, ఏం బతుకిది! మూడు రోజులు పొయ్యి ముందు నిలబడి వండిందే, ఆ పిచ్చిదాన్ని ఇన్నాళ్ళూ నమ్మించి మోసం చేశాడు! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పళ్ళెం పక్కకు నెట్టేశాడు.

మర్నాడు సాబిర్ పిలిచినా ఇల్లు కదల్లేదు. మిగిలిన డబ్బాలన్నీ ఎలాగూ పారబోయక తప్పదు, ఆఖరిదొక్కటైనా మనస్ఫూర్తిగా తిందామనుకున్నాడు. నలభయ్యో డబ్బా మీద చీటీ ఇంకా ఉంది: మస్తావా, బియ్యం వేసిన పులుసు. అల్లుడు చెప్పినట్టే డబ్బా లోపల పెట్టి ఫోను చూపించాడు. బల్ల మీద గుడ్డ పరిచాడు. రొట్టె తుంచాడు. చెంచా పట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

గంట మోగింది. వెంటనే ఫోనూ మోగింది.

"ఏమండీ, ఉప్పు సరిపోయిందా?"

"ఉండు మునావ్వర్, తిని చెబుతాను."

"తిని చెబుతారా? సరే, నిదానంగానే చెప్పండి," అని ఆమె ఫోను పెట్టేసింది.

ఎర్గాష్ బిస్మిల్లా అనుకుని మూత తీశాడు. కొయ్యబారిపోయాడు. చెంచా పడేసి ఫ్రీజరు దగ్గరకు పరుగెత్తి, ముప్ఫై తొమ్మిది డబ్బాల మూతలూ ఒక్కొక్కటే ఊడబెరికి చూశాడు.

గడ్డకట్టినా, మరిగినా, నలభై డబ్బాల్లోనూ ఉన్నవి ఉత్త నీళ్ళే.