రెండు ముక్కల ప్రార్థన

ప్రార్థన మధ్యలో ఎవరో కిసుక్కున నవ్వారు.

నవ్వు తెప్పించింది కొత్తగా వచ్చినాయన ప్రార్థన.

"ప్రభువా, ఇవాళ కూడా నాకు అబద్ధమాడాలనిపించింది. ఆడకుండా చూడు. ఆమెన్."

అంతే. కూర్చున్నాడు.

బుధవారం సాయంత్రం కూటంలో అంత చిన్న ప్రార్థన ఎవరూ ఎరగరు. సంఘ పెద్ద అయిన రిటైర్డ్ హెడ్మాస్టరుగారు మోకరించారంటే ఆకాశం, భూమి, సముద్రం అన్నీ అయ్యాకగానీ మనుషుల దాకా వచ్చేవారు కాదు. పిల్లలు ఒక కునుకు తీసి లేచినా ఇంకా సముద్రం దగ్గరే ఉండేవారు. ఒక్క మాట తడబడేది కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

కొత్తాయన తలుపు పక్కన, చివరి బల్ల మీద కూర్చునేవాడు. ఎవరైనా పలకరిస్తే ఏదో ఆఫీసులో పని అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు.

ప్రతి వారం అదే ప్రార్థన. పాటల బృందంలోని ఆడవాళ్ళు ఆయనకు 'రెండు ముక్కలాయన' అని పేరు పెట్టేశారు.

ఒకరోజు హెడ్మాస్టరుగారు ఆయన్ని పక్కకు పిలిచారు. ప్రార్థన అంటే విన్న నలుగురికీ ఆదరణ కలగాలని, ఇంట్లో కాస్త సాధన చేసి రమ్మని మెత్తగానే చెప్పారు.

"ఇంట్లో కూడా ఇదేనండీ. లేనిది కల్పించి చెప్తే ఆయనకి తెలిసిపోదూ?"

"ఇంతకీ ఏమిటా అబద్ధం?"

"ఇంకా ఆడలేదండీ," అని నవ్వి వెళ్ళిపోయాడు.

హెడ్మాస్టరుగారికి ఆ నవ్వు నచ్చలేదు. మనిషిలో ఏదో మచ్చ ఉందని, సంఘంలో ఏ పనీ అప్పగించవద్దని పాస్టరుగారి చెవిన వేశారు.

ఆ రోజుల్లో అందరి దిగులూ ఒక్కటే. ఊరి స్కూలు కొత్త భవనం పూర్తయింది. కాంట్రాక్టరు రంగులు కూడా వేయించాడు. కానీ తలుపులు తెరవలేదు. కట్టడం సరిగ్గా ఉందని ఇంజినీరు సంతకం పెట్టాలి. ఆయన పెట్టడం లేదు.

పిల్లలు పాత రేకుల షెడ్డులో ఉడికిపోతున్నారు. హెడ్మాస్టరుగారి మనవరాలు నాలుగో తరగతి. ఒళ్ళంతా చెమటకాయలతో ఇంటికొచ్చేది.

ఆ ఇంజినీరు ముఖం ఎవరూ చూడలేదు. లంచం కోసమే కూర్చున్నాడని మాత్రం అందరూ అనుకున్నారు.

ఇక ప్రతి బుధవారం హెడ్మాస్టరుగారి ప్రార్థనలో ఒక భాగం ఆయనకే కేటాయింపు.

"ఆ ఇంజినీరుకి మంచి బుద్ధి ఇవ్వు తండ్రీ. లేదంటే ఇక్కణ్ణించి కదిలించు."

ఆమెన్ అన్నారందరూ. చివరి బల్ల నుంచి వచ్చిన ఆమెన్ అందరికంటే గట్టిగా వినిపించింది.

రెండు నెలలు గడిచాయి. ఒక బుధవారం రెండు ముక్కలాయన ప్రార్థన మారింది.

"ప్రభువా, ఆడలేదు. చాలా కష్టమైంది."

ఇంకేదో అనబోయాడు. అనకుండానే కూర్చున్నాడు. మళ్ళీ ఎవరో నవ్వారు. ఈసారి హెడ్మాస్టరుగారూ నవ్వారు.

మరుసటి వారం నుంచి ఆయన కనిపించలేదు. ఏమయ్యాడని ఎవరూ అడగనూ లేదు.

ఆ వారమే ఇంజినీరుకు బదిలీ అయిందని తెలిసింది. ప్రార్థన ఫలించిందని హెడ్మాస్టరుగారు నిలబడి సాక్ష్యం చెప్పారు.

కొత్త ఇంజినీరు వచ్చాడు. ఫైలులో పాతాయన రిపోర్టు ఉంది. శ్లాబులో వేయాల్సినంత ఇనుము వేయలేదని, బరువు పెట్టి పరీక్షించకుండా పిల్లల్ని లోపలికి పంపకూడదని రాసి ఉంది. దాన్ని తోసేయడానికి ఈయనకు ధైర్యం చాలలేదు. శ్లాబు మీద ఇసుక బస్తాలు పేర్పించాడు.

రెండో రోజు మధ్యాహ్నం నాలుగో తరగతి గది పైకప్పు మొత్తం కూలిపోయింది.

కింద ఒక్క మనిషి లేడు. కొత్త బల్లలు మాత్రం నుగ్గునుగ్గయ్యాయి.

హెడ్మాస్టరుగారు వెళ్ళి ఆ బల్లల్ని చూశారు. తర్వాత నేరుగా ఇంజినీర్ల ఆఫీసుకు వెళ్ళి పాత ఇంజినీరు అడ్రసు అడిగారు.

గుమాస్తా వింతగా చూశాడు.

"మీకు తెలీకపోవడమేంటండీ? బుధవారం సాయంత్రమైతే మీ ప్రార్థనకే కదా వచ్చేవారు."

తను ఎవరి మీద ప్రార్థన చేశారో, దానికి ఎవరు ఆమెన్ అన్నారో అప్పుడు హెడ్మాస్టరుగారికి అర్థమైంది.

పాత ఇంజినీరు ఇల్లు రెండు వీధుల అవతలే. ఆయన బదిలీ అయిన ఊరికి ముందే వెళ్ళిపోయాడు. ముసలి తల్లి ఒక్కతే మిగిలిన సామాను సర్దుతోంది.

హెడ్మాస్టరుగారు ఆమెకు ఏదీ దాచకుండా చెప్పారు. నవ్విన సంగతి, చెవిన వేసిన మాట, సాక్ష్యం, అన్నీ. మాటలు తడబడ్డాయి. మధ్యలో ఆగిపోయాయి. అయినా చెప్పారు.

తన కొడుకు ఆయన్ని ఎన్నడూ తప్పుపట్టలేదని ఆమె అంది. మంచి బుద్ధి ఇమ్మని తనతో పాటు పెద్దాయన కూడా అడుగుతున్నారని ఇంటికొచ్చి సంతోషంగా చెప్పేవాడట.

హెడ్మాస్టరుగారి కళ్ళు తడిశాయి.

"ఇలాంటి కొడుకుని కన్నందుకు మీరు గర్వపడాలమ్మా. ఆ కాంట్రాక్టరుని ఏ తల్లి కన్నదో గానీ."

ఆమె మడతపెడుతున్న దుప్పటి పక్కన పెట్టింది. తలెత్తి ఆయన వైపు సూటిగా చూసింది.

"గర్వంగానే ఉందండీ. తమ్ముడి కోసం ఒక్క సంతకం పెట్టరా అని రోజూ వాడి గడ్డం పట్టుకుని బతిమాలింది నేనే, ఆ కాంట్రాక్టరు నా చిన్నకొడుకు."