గుమ్మంలో చెక్కబండి

నైట్ డ్యూటీకి వెళ్తూ నౌషీన్ తల్లితో, "అమ్మీ, ఆ పాత చెక్కబండిని అటకెక్కించు. పాపకి ఈ మాట్లాడే కొత్త బొమ్మే అన్నీ నేర్పుద్ది," అంది. అక్తర్ బేగం వినిపించుకోలేదు. రేపల్లెలో ఇదే ఇంట్లో నౌషీన్‌కు అడుగులు నేర్పింది ఆ మూడు చక్రాల బండే.

లైటు తీసేసి మనవరాలి పక్కన నడుం వాల్చిందో లేదో, ముందుగదిలో కొత్త బొమ్మ పలికింది.

"ఎర్రది ఏది?"

మీట టక్కుమంది.

"శభాష్."

అక్తర్ బేగం తలెత్తి చూసింది. సరైన మీట నొక్కితేనే అది శభాష్ అంటుంది. ముందుగదిలో ఎవరూ లేరు. వీధి తలుపు గడియ తనే వేసింది.

"పాప ఏది?" అని అడిగింది బొమ్మ.

అలాంటి ప్రశ్న ఆ బొమ్మలో లేనే లేదు.

ఆమె లేచింది. చెక్కబండిని ఈడ్చుకొచ్చి పడకగది గుమ్మంలో నిలబెట్టింది.

"నువ్వెవరివైనా సరే, దీనికి మీటలు లేవు. కదలాలంటే తొయ్యాలి. తోసి చూడు, నేనూ ఇక్కడే ఉన్నా," అంది చీకట్లోకి.

చక్రం కిర్రుమంది. బండి జానెడు లోపలికి జరిగింది.

అక్తర్ బేగం కొంగు నడుముకు బిగించి, రెండు చేతులూ బండికి ఆనించి, ఎదురు తోసింది.